అత్తగారి రాగిపిండి డబ్బాలో నొప్పి మాత్రలు

బెంగళూరు కె.ఆర్.పురం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త, ఏడేళ్ల బాబు, అత్తగారితో కలిసి లిఫ్టు లేని ఇంట్లో, రెండో అంతస్తులో అద్దెకుంటున్నారు. అత్తగారికి 64 ఏళ్లు. మదనపల్లె దగ్గరి పల్లె. బాబు పుట్టినప్పుడు సాయానికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మూడేళ్ల క్రితం ఆమె గుండెకు స్టెంట్ వేశారు. అప్పటినుంచీ రోజూ ఎకోస్ప్రిన్ 75 (తక్కువ మోతాదు ఆస్పిరిన్), బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర నడుస్తున్నాయి.

రెండేళ్ల క్రితం మోకాళ్ల నొప్పులని వెళితే ఎముకల డాక్టర్ ఎక్స్‌రే తీయించి, అరుగుదల మొదలైందని చెప్పి, వారం రోజులకు ఏసిక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు రాశారు. ఆ వారం ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మాత్రలు అయిపోగానే ఖాళీ షీటు కోడలి చేతికిచ్చి, ఇట్లాంటివే తెమ్మన్నారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున రెండేళ్లు అలాగే గడిచిపోయాయి. స్కూలు నుంచి వస్తూ వీధి చివరి మెడికల్ షాపులో ఈ పాఠకురాలే కొని తెచ్చేవారు. చీటీ ఏదని ఎవరూ అడగలేదు. మెడికల్ రెప్‌గా పనిచేసే బంధువొకరు "పొద్దున్నే ఒక పాన్ మాత్ర వేసుకుంటే ఏమీ కాదు" అని ధైర్యం చెప్పారు. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఆ పాన్ మాత్రేమో మంట అనిపించిన రోజే వేసుకునేవారు అత్తగారు.

ఈమధ్య మెట్లెక్కితే ఆయాసపడుతుంటే వయసు వల్లేమో అనుకున్నారు. ఒక తెల్లవారుజామున ఆమె బాత్రూములో కళ్లు తిరిగి పడిపోయారు. ఆసుపత్రిలో చూస్తే హిమోగ్లోబిన్ 6.8కి పడిపోయి ఉంది. ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయంలో పుండు, అందులోంచి రక్తం కారుతోంది. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. కొన్నాళ్లుగా మోషన్ నల్లగా అవుతోందని అత్తగారు అప్పుడు బయటపెట్టారు. కడుపునొప్పి మాత్రం ఒక్కరోజు కూడా రాలేదట. డాక్టర్లు ఏమడిగినా ఆమె తరఫున కొడుకే ఇంగ్లీషులో జవాబు చెప్పారు.

ఇంటికొచ్చి మూడు వారాలైంది. భర్త ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలన్నీ చెత్తలో పారేశారు. ఆస్పిరిన్ వల్ల కూడా పుండ్లు పడతాయని ఎక్కడో చదివి ఎకోస్ప్రిన్ కూడా మాన్పించారు. "కొని తెచ్చింది నువ్వే కదా" అని భార్యను ఒకటికి రెండుసార్లు అన్నారు. పోయిన ఆదివారం సంగటికని రాగిపిండి డబ్బా తీస్తే, పిండి లోపల పాత క్యాలెండర్ కాగితంలో చుట్టిన మాత్రల షీటు చేతికి తగిలింది. పది మాత్రల్లో నాలుగు లేవు. కింద ఇస్త్రీ బండి అతనితో తెప్పించుకున్నారట. అత్తగారు ఈమె చెయ్యి పట్టుకుని, "ఆ మాత్ర ఏసుకుంటేనే లేసి నిలబడగలుగుతాండా. కాళ్లు పడిపోయినాక నేను మీకు బరువే గదమ్మా. నా కొడుక్కి చెప్పొద్దు, నీకు పుణ్యముంటాది" అన్నారట.

ఆమె అడిగినవి మూడు. అత్తగారి ప్రాణం మీదికి తెచ్చింది నేనేనా? ఆ మాత్రను ప్రమాదం లేకుండా వేసుకునే దారి ఏదైనా ఉందా? ఈ షీటు సంగతి మా వారికి చెప్పాలా, వద్దా?

అమ్మా, ఈ మూడింటికంటే ముందు మీరు అడగని విషయం ఒకటి మాట్లాడాలి. అది ఎకోస్ప్రిన్. స్టెంట్ ఉన్న మనిషికి గుండె రక్తనాళంలో రక్తం గడ్డకట్టకుండా చూసేది ఆ చిన్న మాత్రే. కడుపులో రక్తస్రావమైతే డాక్టర్లు దాన్ని కొద్దిరోజులు ఆపుతారు, నిజమే. కానీ గుండె జబ్బు ఉన్నవాళ్లకు రక్తం ఆగిందని నమ్మకం కలగగానే, మామూలుగా కొద్దిరోజుల్లోనే, కడుపును కాచే మాత్రతో కలిపి మళ్లీ మొదలుపెట్టిస్తారు. ఎవరినీ అడగకుండా మూడు వారాలు ఆపి ఉంచడం నన్ను కంగారు పెడుతోంది. డిశ్చార్జ్ కాగితం తీసి చివర్లో ఉన్న మందుల పట్టిక చూడండి, అందులో ఆస్పిరిన్ ఉందా, ఎప్పటినుంచి వెయ్యమన్నారు? ఉన్నా లేకపోయినా గుండె డాక్టరుకు ఈరోజే ఫోన్ చెయ్యండి. మీ వారు చదివింది తప్పు కాదు, ఆస్పిరిన్ కూడా ఆ నొప్పి మాత్రల జాతి మందే, దానివల్లా పుండు పడుతుంది. అయితే దానికి ఆమె గుండె దగ్గర పని ఉంది. నొప్పి మాత్రకు అలాంటి పనేమీ లేకపోగా గుండెకు చేటు కూడా. డైక్లోఫెనాక్‌ను గుండె జబ్బు ఉన్నవాళ్లు వాడకూడదని 2013లోనే ఐరోపా మందుల నియంత్రణ సంస్థ చెప్పింది. మీ అత్తగారు వేసుకున్న ఏసిక్లోఫెనాక్ దానికి దగ్గరి చుట్టం. ఎకోస్ప్రిన్‌నూ, నొప్పి మాత్రనూ ఒకే గాటన కట్టి పారేస్తే ఒక ప్రమాదం నుంచి తప్పించబోయి ఇంకో ప్రమాదంలోకి నెట్టినట్టవుతుంది.

ఇక కడుపునొప్పే లేకుండా అంత పుండు ఎలా పడిందన్నది. మన జీర్ణాశయంలో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. అది తన గోడను తానే తినెయ్యకుండా గోడ మీద జిగురు పొర ఉంటుంది, ఆ పొరలో ఆమ్లాన్ని విరిచే క్షారం ఉంటుంది, గోడకు రక్తం ధారాళంగా అందుతుంటుంది. కట్టెలపొయ్యి మీద పెట్టే గిన్నెకు అడుగున మట్టి పూస్తారు చూడండి, అలాంటి పూత అది. ఆ పూతను ఎప్పటికప్పుడు నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు. చిక్కేమిటంటే, మోకాలు వాచి సలపడానికి కారణమయ్యేవీ ఆ కుటుంబంలోవే. ఆస్పిరిన్ లాంటి మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకోవడం వల్లే నొప్పి తగ్గిస్తున్నాయని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించారు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మోకాలికి హాయినిచ్చేదీ, కడుపు పూతను పలచన చేసేదీ ఆ మాత్ర చేసే ఒకే పని అన్నమాట. ఒకటి తీసుకుని రెండోది వద్దనడం కుదరదు.

అన్నం తిన్నాక వేసుకుంటే ఏమీ కాదనే మాట ఇంటింటా వింటాం. తిన్నాక వేసుకుంటే మంట, వికారం కొంత తగ్గుతాయి, పుండు పడే ముప్పు మాత్రం అలాగే ఉంటుంది. మాత్ర రక్తంలో కలిశాక లోపలి నుంచి కూడా కడుపు గోడ మీద పనిచేస్తుంది కాబట్టి, అదే మందు ఇంజెక్షన్‌గా తీసుకున్నా ముప్పు తప్పదు. ఇక మంట, నొప్పి లాంటి హెచ్చరికలు అందరికీ రావు. ముఖ్యంగా పెద్ద వయసులో, రోజూ నొప్పి మాత్ర మింగేవాళ్లలో పుండు చడీచప్పుడు లేకుండా పెరిగి రక్తస్రావంతోనే బయటపడటం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. మీ అత్తగారికి మెట్లెక్కుతుంటే వచ్చిన ఆయాసమే ఆ హెచ్చరిక. రక్తం కొద్దికొద్దిగా పోతూ ఉండింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఏడు రోజులకు రాసిన మందు రెండేళ్లు నడిచిందంటే అందులో చాలా చేతులున్నాయి. ఆమెకు స్టెంట్ ఉందని, ఎకోస్ప్రిన్ వాడుతున్నారని ఆ ఎముకల డాక్టరుకు ఎవరైనా చెప్పారా? మెడికల్ షాపువాళ్లు చీటీ లేకుండా ఎందుకిచ్చారు? బంధువు మాట నమ్మి పాన్ మాత్ర ఉందిగా అనుకున్నాం సరే, అది రోజూ పడుతోందా లేదా అని ఎవరు చూశారు? కొన్నది మీరు, అది నిజం. ఇంట్లో రోజూ ఆ మాత్ర మింగుతుంటే చూసినవాళ్లలో మీ వారూ ఉన్నారు, అదీ నిజమే. నొప్పితో ఉన్న పెద్దావిడ అడిగింది తెచ్చిపెట్టారు మీరు. ఆస్పిరిన్‌కు ఈ మాత్ర తోడైతే రక్తస్రావం ముప్పు బాగా పెరుగుతుందని మీకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. మీ వారి మాట మిమ్మల్ని ఎంత కోసిందో ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. తల్లి బాత్రూములో పడి ఉండటం చూసిన కొడుకు భయంతో అన్న మాట అది. ఆయన మాట తప్పే. కాని దానికి జవాబుగా మీరు రేపటినుంచి మందుల కాపలాదారుగా మారిపోవద్దు. ఆ ఇంట్లో అత్తగారు మనసు విప్పి మాట్లాడేది మీతోనే. డబ్బాలో షీటు దొరికాక కూడా ఆమె మీకు అబద్ధం చెప్పలేదు, చూశారా?

రెండో ప్రశ్నకు వస్తాను. నిజానికి మీ ఇంటి కష్టమంతా ఇక్కడే ఉంది. మాత్రలు పారేశారు, నొప్పి ఎక్కడికీ పోలేదు. మూడు వారాలుగా ఆవిడ మోకాళ్లకు ఏ వైద్యమూ లేదు. కాబట్టే మాత్ర పిండి డబ్బాలోకి చేరింది. అందరికీ తెలిసి వేసుకునే మాత్రకంటే దాచుకుని వేసుకునే మాత్ర ఎక్కువ ప్రమాదం. ఎన్ని వేసుకున్నారో లెక్క ఉండదు, పక్కన కడుపు మాత్ర వేసుకున్నారో లేదో తెలియదు, మళ్లీ కళ్లు తిరిగితే డాక్టరుకు అసలు సంగతి చెప్పేవాళ్లుండరు.

పాన్ మాత్ర వేసుకుంటూ ఆ నొప్పి మాత్రే కొనసాగిస్తే ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. పాంటప్రజోల్ లాంటివి ఆమ్లాన్ని బాగా తగ్గిస్తాయి, రోజూ టిఫినుకు అరగంట ముందు వేసుకుంటే జీర్ణాశయానికి, చిన్నపేగు మొదటి భాగానికి మంచి రక్షణే. మంట ఉన్నరోజు ఒకటి వేసుకుంటే అది రక్షణ కిందికి రాదు. పైగా ఆ కిందున్న పేగుల్లో ఈ నొప్పి మాత్రలు చేసే గాయాలను పాన్ ఆపలేదు. అక్కడినుంచి కంటికి కనబడకుండా రక్తం పోయి హిమోగ్లోబిన్ దిగుతుంటుంది. ఒకసారి రక్తస్రావమైన వాళ్ల సంగతి మరీ కష్టం. హాంకాంగ్ వైద్యులు సరిగ్గా మీ అత్తగారిలాంటి వాళ్ల మీదే, అంటే కీళ్ల నొప్పులుండి, గుండె కోసం ఆస్పిరిన్ వాడుతూ, కడుపులో రక్తస్రావమైన వాళ్ల మీద చేసిన పరిశీలన 2017లో వచ్చింది. నేప్రోక్సెన్ అనే నొప్పి మాత్రతో పాటు రోజూ కడుపు మాత్ర ఇచ్చినా ఏడాదిన్నరలో 12.3 శాతం మందికి మళ్లీ రక్తస్రావమైంది. సెలెకాక్సిబ్ అనే కొత్త తరహా మందుతో పాటు కడుపు మాత్ర ఇచ్చినవాళ్లలో అది 5.6 శాతం. తేడా చాలా ఉంది, సున్నా మాత్రం ఎక్కడా లేదు.

ఆ సెలెకాక్సిబ్, ఎటోరికాక్సిబ్ లాంటివి కడుపు పూతకు కొంత తక్కువ హాని చేసేలా తయారైన మందులు. వీటి చరిత్ర కూడా మీరు తెలుసుకోవాలి. ఇదే కుటుంబంలోని రోఫెకాక్సిబ్ గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని తేలి 2004లో ప్రపంచమంతటా మార్కెట్ నుంచి తప్పుకుంది. అందుకే స్టెంట్ ఉన్నవాళ్లకు వీటిని మామూలుగా రాయరు. వేరే దారి లేదనుకుంటే గుండె డాక్టరు, పొట్ట డాక్టరు కలిసి ఆలోచించి, తక్కువ మోతాదు, తక్కువ రోజులు, కడుపు మాత్ర తోడుగా ఇవ్వొచ్చు. అది వాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయం, మెడికల్ షాపు కౌంటర్ దగ్గర అయ్యేది కాదు. పాత మాత్రకు తిరిగి వెళ్లడం మాత్రం నా ఉద్దేశంలో ఆమెకు అందుబాటులో ఉన్న దారుల్లో లేదు.

మిగిలినవి చూద్దాం. డోలో లాంటి పారాసిటమాల్ కడుపు పూతను పెద్దగా ముట్టుకోదు. దీనితో మోకాలి అరుగుదల నొప్పి పూర్తిగా పోతుందని ఆశపెట్టను, చాలామందికి కొద్దిగానే పనిచేస్తుంది. అయినా రోజులో బాగా నొప్పి ఉండే వేళకు ముందు, ఉదాహరణకు పొద్దున లేచిన గంటకు, ఒకటి వేసుకుంటే ఆ పూట గడుస్తుంది. ఈ వయసులో రోజు మొత్తం 3 గ్రాములు దాటకుండా చూడండి, లివర్ సమస్య ఉంటే అంతకంటే తక్కువే. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, అది కూడా లెక్కలోకి వస్తుంది.

పైన రాసే జెల్‌ను మనవాళ్లు చిన్నచూపు చూస్తారు, సరిగా రాయకపోవడమే కారణం. కందిగింజంత తీసి రుద్దేసి, పనిచెయ్యలేదంటారు. 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ మోకాలికి పూర్తి మోతాదు ఒక్కోసారి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు. అలా ఒక మోకాలికి రాస్తే రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే సుమారు 6 శాతమే. మోకాలి అరుగుదలలో మాత్రకంటే ముందు జెల్‌నే వాడిచూడమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా చెబుతాయి. మీ అత్తగారి పుండు ఇంకా మానుతూనే ఉంది కాబట్టి, ఎప్పటినుంచి, ఎంత రాయవచ్చో పొట్ట డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

వ్యాయామం అంటే ఆమె నవ్వేస్తారేమో. మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద తువ్వాలు చుట్టగా చుట్టి పెట్టండి. మోకాలితో ఆ చుట్టను కిందికి అదిమి, తొడ కండరం బిగుసుకున్నాక అయిదు అంకెలు లెక్కపెట్టి వదలమనండి. రెండు కాళ్లకూ పది పదిసార్లు, పొద్దున, సాయంత్రం. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఫలితం కనబడటానికి వారాలు పడుతుంది కాబట్టి ఫిజియోథెరపిస్టు ఒకటి రెండుసార్లు చూపించి, మీరు పక్కన కూర్చుని చేయిస్తేనే నిలుస్తుంది. మొదట్లో రక్తం తక్కువగా ఉంటుంది, ఆయాసం వస్తే ఆపెయ్యాలి. మెట్లెక్కేటప్పుడు తక్కువ నొప్పి ఉన్న కాలు ముందు, దిగేటప్పుడు ఎక్కువ నొప్పి ఉన్న కాలు ముందు. చేతికర్రను నొప్పి కాలికి అవతలి చేతిలో పట్టుకోవాలి. వీటన్నిటికంటే ముందు ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉంటే దానిమీద పెట్టే కుర్చీ ఒకటి కొనండి. రోజూ గొంతుక్కూర్చుని లేచే ఆ బాధే ఆమెను మాత్ర దగ్గరికి నడిపిస్తుండొచ్చు.

ఇవేవీ చాలకపోతే మోకాలి కీలులోకే ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉంది. కొన్ని వారాల పాటు ఉపశమనం ఇస్తుంది, షుగరు ఉంటే కొన్నాళ్లు పెరుగుతుంది, మాటిమాటికీ తీసుకోకూడదు. అరుగుదల బాగా ముదిరితే మోకాలి మార్పిడి. 2017లో ప్రభుత్వం కృత్రిమ మోకాలి కీళ్ల ధరలకు పరిమితి పెట్టాక ఖర్చు కొంత దిగింది గానీ, ఆసుపత్రి బిల్లు ఇప్పటికీ చిన్నదేం కాదు. హిమోగ్లోబిన్ కోలుకుని, పుండు మాని, గుండె డాక్టరు ఒప్పుకున్నాకే ఆ మాట. రెండేళ్ల కిందటి ఎక్స్‌రేలో మొదలైన అరుగుదల ఇప్పుడెక్కడ ఉందో ఎవరికీ తెలియదు కదా, ముందు అది చూపించండి. ఊళ్లో ఎవరో ఇచ్చే కీళ్లనొప్పుల పొడుల జోలికి మాత్రం పోనివ్వకండి. వాటిలో స్టెరాయిడ్లు, ఇవే నొప్పి మందులు కలిపి అమ్ముతూ పట్టుబడిన సందర్భాలున్నాయి.

మూడో ప్రశ్న. మీ వారికి ఇప్పుడే చెప్పేయొచ్చు. నిజం ఒక్కరోజులో బయటపడుతుంది, మీ మీద దాపరికం భారం ఉండదు. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఆయన ఆ షీటు కూడా పారేసి తల్లిని కేకలేస్తారు. ఆమె ఇంకోసారి ఇంకా మంచి చోట దాస్తారు, ఈసారి మీక్కూడా దొరకదు. పోనీ చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆమె నమ్మకం నిలబడుతుంది. రేపు మళ్లీ రక్తస్రావమైతే ఆ మౌనం మీ మీదే పడుతుంది, అంతకంటే ముఖ్యంగా ఆమె ప్రాణం మీద పడుతుంది.

మధ్యలో ఒక దారి ఉంది, నేనైతే దానివైపే మొగ్గుతాను. షీటు ఆమె ముందే బయటపెట్టి, "అత్తమ్మా, మీ నొప్పి నిజం. దానికి వైద్యం చేయిద్దాం. ఈ మాత్రలు ఇక నా దగ్గరుంటాయి, ఒక్కటి కూడా వేసుకోవద్దు. రెండు రోజుల్లో మీరే మీ అబ్బాయికి చెప్పండి, నేను పక్కనే ఉంటాను" అనండి. ఆమె చెప్పలేకపోతే మూడోరోజు మీరు చెబుతారని కూడా ఆమెకు ముందే చెప్పెయ్యండి. వెనకనుంచి చెప్పినట్టు కాకూడదు. దీనికీ ఒక ఇబ్బంది ఉంది, ఆ రెండు రోజులు బాధ్యత మీది. డాక్టరుకు మాత్రం ఈ రెండు రోజులూ ఆగొద్దు. ఫోన్ చేసినప్పుడే ఇంటికొచ్చాక నాలుగు మాత్రలు వేసుకున్నారని చెప్పండి. మోషన్ నల్లబడినా, కళ్లు తిరిగినా ఈ ఒప్పందాలేవీ ఉండవు, అందరికీ అప్పుడే చెప్పెయ్యాలి.

కొడుకుతో మాట్లాడేటప్పుడు మాత్ర సంగతితో మొదలుపెట్టొద్దు, "కాళ్లు పడిపోతే బరువే గదమ్మా" అన్న మాటతో మొదలుపెట్టండి. ఆ మాట ఆయన విన్నట్టు లేదు. బాబును వ్యాన్ దగ్గర దించుకోవడానికి రెండంతస్తులు దిగి ఎక్కడం, మిద్దె మీద బట్టలారెయ్యడం ఇలాంటివి ఎవరు చేస్తున్నారో ముగ్గురూ కూర్చుని చూసుకోండి. మెట్ల పనులు మీరిద్దరూ పంచుకోండి. కాని ఉన్న పనులన్నీ లాక్కుని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టొద్దు. కూరగాయలు తరగడం, బాబుకు అన్నం తినిపించడం, రాత్రిపూట కథ చెప్పడం ఆమెవిగానే ఉండనివ్వండి. ఈసారి డాక్టరు ముందు ఆమెనే మాట్లాడనివ్వండి. బెంగళూరులో తెలుగు తెలిసిన డాక్టరో నర్సో దొరకడం కష్టమేమీ కాదు. నొప్పి ఎక్కడ, ఏ వేళ, ఏ పని చేస్తే ఎక్కువో తెలిసింది ఆవిడకే.

పొట్ట డాక్టరును రెండు సంగతులు అడగండి. ఎండోస్కోపీ అప్పుడు హెలికోబాక్టర్ పైలోరీ పరీక్ష చేశారా అన్నది మొదటిది. కడుపులో కాపురముండే ఈ బాక్టీరియా కూడా పుండ్లకు కారణమని కనిపెట్టినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. అది ఉంటే రెండు వారాల మందుల కోర్సుతో తీసెయ్యొచ్చు, ఆస్పిరిన్ ఎలాగూ వాడక తప్పనివాళ్లకు అది చాలా మేలు. రక్తం కారుతున్నప్పుడు చేసిన పరీక్షలో లేదని వచ్చినా నమ్మకం తక్కువ, మళ్లీ చెయ్యాల్సి రావచ్చు. రెండోది, పుండు మానిందో లేదో చూడటానికి ఎండోస్కోపీ మళ్లీ ఎప్పుడు చేస్తారని. జీర్ణాశయం పుండు అయితే మామూలుగా రెండు మూడు నెలలకు చూస్తారు. అందాకా కడుపు మాత్ర ఒక్కరోజు కూడా తప్పకూడదు. ఆస్పిరిన్ వాడుతున్నంత కాలం అది కూడా సాగే అవకాశమే ఎక్కువ.

ఆమెకు ఐరన్ మాత్రలు ఇచ్చే ఉంటారు. వాటివల్ల కూడా మోషన్ నల్లగానే వస్తుంది, అందుకని ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఐరన్ వల్ల అయితే ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు, గట్టిగానే ఉంటుంది. రక్తం వల్ల అయితే తారులా నిగనిగలాడుతూ, జిగటగా అంటుకుని, నీళ్లు పోసినా ఒక పట్టాన పోదు, వాసన మరీ ఘోరంగా ఉంటుంది. అలా కనబడినా, కాఫీ డికాషన్ మడ్డిలాంటి వాంతి అయినా, లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మి చెమటలు పట్టినా 108కి ఫోన్ చెయ్యండి, తెల్లవారేదాకా చూడొద్దు. మామూలు రోజుల్లో నెలకోసారి హిమోగ్లోబిన్, వీలైతే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూపిస్తుండండి. ఈ నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ మాత్రలతో కలిసి కిడ్నీల మీద కూడా భారం వేస్తాయి.

చివరగా, ఒక కాగితం మీద తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయండి: స్టెంట్ ఉంది, కడుపులో రక్తస్రావమైంది, డాక్టరు చీటీ లేకుండా నొప్పి మాత్రలు ఇవ్వొద్దు. కింద పేర్లు రాయండి: ఏసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నేప్రోక్సెన్, మెఫినమిక్ యాసిడ్, కీటోరోలాక్, నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్. షీటు ముందువైపు బ్రాండు పేరు చూసి మోసపోవద్దు, వెనక సన్నటి అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవాలి. ఒకే మందు పేరు చివర పీ అనో, ఎస్‌పీ అనో తగిలించుకుని వేరే మాత్రలా కనబడుతుంది. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ ఉంటుంది, డిస్ప్రిన్ అంటే ఆస్పిరినే. ఆ కాగితం నకలు మెడికల్ షాపులో ఇవ్వండి, ఇస్త్రీ బండి అతనికి కూడా విషయం చెప్పండి, అతను తెలియక సాయం చేశాడు. రేపు పన్నునొప్పి వచ్చి డెంటిస్టు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితమే చూపించండి. అక్కడ రాసిచ్చే మాత్రలు కూడా చాలావరకు ఇవే.